మైనస్ నలభైలోనూ క్లాసు ఉంటుంది

ఉష్ణోగ్రత మైనస్ 40కి దిగిందన్న కబురు తెలిస్తే చాలు, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ విద్యార్థుల్లో కొందరికి హుషారు పుడుతుంది. క్యాంపస్ ముఖద్వారం దగ్గర ఉష్ణోగ్రత చూపించే బోర్డు ముందుకు చేరి, ఒంటి మీది బరువైన కోట్లు విప్పేస్తారు. లోపల ఈత దుస్తులు! వెనక అంకె స్పష్టంగా పడేలా ఒక్క ఫొటో దిగి, పళ్ళు టకటకలాడుతుండగా మళ్ళీ కోట్లలోకి దూరిపోతారు. ఇలా ఫొటో దిగినవాళ్ళు ‘ఫార్టీ బిలో క్లబ్’లో చేరినట్టే లెక్క. ఆ నలభై సెల్సియస్సా, ఫారెన్‌హీటా అని అడగాల్సిన పని లేదు. రెండు కొలతలూ ఒకటయ్యేది సరిగ్గా అక్కడే.

ఫొటో సరదా తీరాక వెళ్ళాల్సింది క్లాసుకే. చలి ఎక్కువగా ఉందని సెలవివ్వడం అక్కడ అరుదు.

యూనివర్సిటీ ఆఫ్ అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్ ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడివాళ్ళు పొడి అక్షరాల్లో యూఏఎఫ్ అంటారు. ఆర్కిటిక్ వలయానికి దక్షిణంగా సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, ఒక పొడవాటి గుట్ట మీద 2,250 ఎకరాల్లో పరుచుకుని ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఉదయం పదకొండు దగ్గర పొడిచి, నాలుగు గంటలు కూడా తిరక్కుండానే అస్తమిస్తాడు. జూన్‌లో దాదాపు 22 గంటలు ఆకాశం వదలడు. ఇంత చలిలో, ఇంత చీకట్లో, ఇంత దూరాన జనం సొమ్ముతో యూనివర్సిటీ నడపడం దేనికని అడిగినవాళ్ళు వందేళ్ళ కిందటా ఉన్నారు, మొన్న 2019లోనూ ఉన్నారు.

ఆరుగురికి ఆరుగురు

ఫెయిర్‌బ్యాంక్స్‌ను ఊరిగా నిలబెట్టింది బంగారం. 1902లో చుట్టుపక్కల వాగుల్లో బంగారం బయటపడటంతో గనుల వేటగాళ్ళు ఎగబడి వచ్చారు. 1906లో అక్కడ ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగ క్షేత్రం మొదలైంది. ఆ క్షేత్రం పక్కనే కాలేజీ ఉండాలని పట్టుబట్టినవాడు జేమ్స్ వికర్‌షామ్. అప్పటికి అలాస్కా ఇంకా రాష్ట్రం కాదు, అమెరికా ఏలుబడిలోని ప్రాంతం మాత్రమే. ఆ ప్రాంతం తరఫున అమెరికా కాంగ్రెస్‌లో మాట్లాడటానికి వీలుండి, ఓటు వేయడానికి వీల్లేని ప్రతినిధి ఆయన. స్థానిక చట్టసభ ఇంకా ఆమోదించకుండానే 1915 జులై 4న గుట్ట మీద శంకుస్థాపన చేసేశాడు. ‘అలాస్కా వ్యవసాయ కళాశాల, గనుల పాఠశాల’ను నెలకొల్పే చట్టం వచ్చింది ఆ తరువాత, 1917లో.

కాలేజీ తలుపులు తెరుచుకున్నది 1922 సెప్టెంబరులో. అధ్యాపకులు ఆరుగురు, విద్యార్థులు ఆరుగురు. మరుసటి ఏడాది జరిగిన మొదటి స్నాతకోత్సవంలో పట్టా అందుకున్నది జాన్ షాన్లీ అనే ఒకే ఒక్కడు. మొదటి అధ్యక్షుడు చార్లెస్ బన్నెల్ అంతకుముందు న్యాయమూర్తి. 1921 నుంచి 1949 దాకా ఆయనే సంస్థను నడిపాడు. 1935లో కాలేజీ పేరు ‘యూనివర్సిటీ ఆఫ్ అలాస్కా’గా మారింది.

ఈ గుట్టకు అలాస్కా చరిత్రలో ఇంకో ముఖ్యమైన చోటుంది. అలాస్కా రాజ్యాంగం తయారైంది ఇక్కడే. 1955 నవంబరులో 55 మంది ప్రతినిధులు రాజధాని జూనోకు వెళ్ళకుండా, అక్కడి రాజకీయ పైరవీలకు దూరంగా ఈ క్యాంపస్‌కు వచ్చారు. విద్యార్థుల కోసం కొత్తగా కట్టిన భవనంలో కూర్చుని చలికాలమంతా వాదించుకున్నారు. 1956 ఫిబ్రవరిలో వ్యాయామశాలలో సంతకాలు చేశారు. చర్చలు జరిగిన భవనం ఇప్పుడు ‘కాన్‌స్టిట్యూషన్ హాల్’, సంతకాలు జరిగినది ‘సైనర్స్ హాల్’. 1959లో అలాస్కా 49వ రాష్ట్రమైంది. క్లాసులకు పోతూ విద్యార్థులు రోజూ ఆ భవనాల పక్కనుంచే నడుస్తారు.

కారుకు కరెంటు ప్లగ్గు

కొత్తగా వచ్చినవాళ్ళకు మొదట వింతగా తోచేవి పార్కింగ్ స్థలాలు. ప్రతి కారు ముందు భాగంలోంచి ఒక కరెంటు వైరు వేలాడుతూ ఉంటుంది. వరసగా స్తంభాలకు ప్లగ్గులుంటాయి. ఇన్ని ఎలక్ట్రిక్ కార్లా అనుకుంటే పొరపాటే, అవన్నీ పెట్రోలు బండ్లు. చలికి ఇంజను గడ్డకట్టకుండా లోపల చిన్న హీటరు బిగిస్తారు. సెల్‌ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టినట్టు బండిని ప్లగ్గుకు తగిలిస్తేనే అది మళ్ళీ స్టార్టవుతుంది. గట్టి చలిలో రాత్రంతా నిలిపిన బండి టైర్లు నేలకు ఆనినచోట చదునుగా బిగుసుకుపోతాయి. పొద్దున్నే కదిలిస్తే మొదటి కొంత దూరం ఎడ్లబండిలా దడదడలాడుతూ పోతుంది.

చలి మరీ ముదిరితే ఊరి మీద ‘ఐస్ ఫాగ్’ కమ్ముతుంది. బండ్ల పొగలోంచీ, చిమ్నీల్లోంచీ వచ్చే నీటి ఆవిరి గాలిలోకి రాగానే మంచు రేణువులై వేలాడుతుంది. గాలి కదలదు, ముందున్న బండి కనిపించదు. దీని గుట్టు విప్పిన పరిశోధకుల్లో ముఖ్యుడు కార్ల్ బెన్సన్ ఈ యూనివర్సిటీలోనే పనిచేశాడు. ఇక్కడ ఇంకో తమాషా కూడా ఉంది. గుట్ట ఎక్కేకొద్దీ చలి పెరుగుతుందని అనుకుంటాం కదా, చలికాలంలో ఫెయిర్‌బ్యాంక్స్‌లో జరిగేది తలకిందులు. బరువైన చల్లగాలి లోయలో పేరుకుపోతుంది, పైన కాస్త వెచ్చగా ఉంటుంది. గుట్ట మీది హాస్టల్ కుర్రాడికి కింద ఊళ్ళో అద్దెకుండే స్నేహితుడి కంటే చలి తక్కువ.

ఆ అద్దె ఇళ్ళ సంగతి మరీ విచిత్రం. ఊరి అంచుల్లో, అడవిలో ‘డ్రై క్యాబిన్లు’ అనే చెక్క ఇళ్ళుంటాయి. కరెంటు ఉంటుంది, వేడి ఉంటుంది, నీళ్ళ కుళాయి మాత్రం ఉండదు. భూమి లోపల ఏళ్ళ తరబడి కరగని గడ్డ ఉండటంతో బావి తవ్వడం, మురుగు తొట్టి కట్టడం తలకు మించిన ఖర్చు. అద్దె తక్కువని విద్యార్థులు, కొందరు అధ్యాపకులు కూడా వాటిల్లో ఉంటారు. క్యాన్లతో నీళ్ళు మోసుకుంటారు, స్నానం క్యాంపస్‌లో చేసి వెళ్తారు, మరుగుదొడ్డి ఇంటి బయట ఉంటుంది. మైనస్ ముప్ఫైలో అర్ధరాత్రి అక్కడికి నడిచి వెళ్ళడమంటే ఏమిటో ఆ ఇళ్ళల్లో ఒక చలికాలం గడిపినవాళ్ళకే తెలుస్తుంది.

చలి కంటే చీకటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని చాలామంది చెబుతారు. పొద్దున క్లాసుకు వెళ్ళేటప్పుడు చీకటి, లైబ్రరీ నుంచి వచ్చేటప్పుడూ చీకటి. మనసు దిగాలు పడకుండా బల్ల మీద పగటి వెలుగునిచ్చే దీపం పెట్టుకుంటారు. అంతకంటే మంచి మందు బయటికి రావడమే. క్యాంపస్ చుట్టూ అడవిలో స్కీయింగ్ దారులున్నాయి, వాలు మీద స్నోబోర్డు ఆడుకునే పార్కు ఉంది. ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా చలికాలంలో మంచుదిమ్మెలతో పెద్ద తోరణం కడతారు. తాము వేసిన లెక్క తప్పితే అది అందరి ముందే కూలుతుంది. సెప్టెంబరు చివర్లో, మంచు కురవకముందే, ‘స్టార్వేషన్ గల్చ్’ పేరుతో భోగిమంటల్లాంటి పెద్ద మంటలు వేస్తారు. పాత విద్యార్థులు కొత్తవాళ్ళకు విద్యాజ్యోతిని అందించడానికి గుర్తుగా 1920ల నుంచీ సాగుతున్న వేడుక ఇది.

ఆటల జట్ల పేరు నానూక్స్. ఆర్కిటిక్ తీరపు ఇనూపియాక్ భాషలో ధ్రువపు ఎలుగుబంటికి ‘నానుక్’ అని పేరు. ఐస్ హాకీకి వీరాభిమానులున్నా, పతకాల పంట పండించింది మాత్రం రైఫిల్ షూటింగ్ జట్టు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే జట్టులో పోటీపడే ఈ ఆటలో యూఏఎఫ్ అమెరికా కళాశాలల జాతీయ టైటిల్‌ను పదిసార్లకు పైగా గెలిచింది. ఇక పిలవకుండా వచ్చే అతిథి మూస్. గుర్రం కంటే ఎత్తుండే ఈ దుప్పి జాతి జంతువు హాస్టళ్ళ మధ్య చెట్లు మేస్తూ దారికి అడ్డం నిలబడితే, విద్యార్థులే చుట్టుదారి పడతారు.

దుంపల గుట్ట

కాలేజీ రాకముందు ఈ గుట్టకు ఒక పేరుంది, ట్రోత్ యెద్దా. తనానా లోయలోని డెనే ప్రజల భాషలో ‘ట్రోత్’ అంటే అడవి దుంప, ‘యెద్దా’ అంటే గుట్ట. తరాలుగా వాళ్ళు ఇక్కడికొచ్చి దుంపలు తవ్వుకునేవారు, కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకునేవారు. అక్కడ బడి కడతారని తెలిశాక పెద్దలు దుంపలు తవ్వడం మానేసి, చదువుకోబోయే పిల్లల కోసం ప్రార్థించారని మింటో గ్రామ పెద్ద పీటర్ జాన్ చెప్పేవాడు. వందేళ్ళు దాటి బతికిన ఆయన 2003లో కన్నుమూశాడు. పదేళ్ళ తరువాత, 2013లో, ట్రోత్ యెద్దా అన్న పేరును అమెరికా ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది.

ఒకప్పుడు అలాస్కా బడుల్లో ఆదివాసీ పిల్లలు సొంత భాష మాట్లాడితే దండించేవారు. ఆ నష్టాన్ని కొంతైనా పూడ్చే పని ఈ క్యాంపస్‌లో మొదలైంది. 1972లో రాష్ట్ర చట్టంతో ఇక్కడ అలాస్కా నేటివ్ లాంగ్వేజ్ సెంటర్ ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన భాషావేత్త మైఖేల్ క్రౌస్ అలాస్కా భాషలన్నిటినీ ఒక పటంలోకి ఎక్కించాడు. ప్రపంచ భాషల్లో అత్యధిక భాగం ఈ శతాబ్దంలో అంతరించే ప్రమాదం ఉందని 1992లోనే హెచ్చరించిన మనిషి ఆయన. ఆయన ఏళ్ళ తరబడి నమోదు చేసిన ఎయాక్ భాషను పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి మేరీ స్మిత్ జోన్స్ 2008 జనవరిలో చనిపోయింది. ఆ భాషకు ఇప్పుడు మిగిలినవి నిఘంటువు, వ్యాకరణం, కథలు, టేపులు.

అన్ని కథలూ అలా ముగియలేదు. యూపిక్, ఇనూపియాక్ భాషల్లో ఇక్కడ డిగ్రీ చేయవచ్చు. 2014లో అలాస్కా 20 ఆదివాసీ భాషలను ఇంగ్లిషుతో పాటు అధికార భాషలుగా గుర్తించింది. 1973 నుంచి విద్యార్థులే నడుపుతున్న ఆదివాసీ కళల పండుగలో ఊరూరి నుంచీ డోలు బృందాలు వచ్చి ఆడిపాడుతాయి.

రోడ్డు లేని పల్లెల పిల్లలు కాలేజీకి ఎలా రావాలి? అలాస్కాలో చాలా ఊళ్ళకు విమానమో, పడవో, మంచుబండో తప్ప వేరే దారి లేదు. అందుకే బెతెల్, నోమ్, కోట్‌జెబ్యూ, డిల్లింగ్‌హామ్ వంటి మారుమూల ఊళ్ళలోనే యూఏఎఫ్ చిన్న క్యాంపస్‌లు పెట్టింది. హైస్కూలు చదివే పల్లె పిల్లలను వేసవిలో ఫెయిర్‌బ్యాంక్స్‌కు రప్పించి, కాలేజీ జీవితం రుచి చూపించే కార్యక్రమం 1983 నుంచి నడుస్తోంది. మూడు వందల మంది ఉండే ఊరి నుంచి వచ్చిన పిల్లకు ఫెయిర్‌బ్యాంక్సే మహానగరం మరి.

వాకిట్లోనే ప్రయోగశాల

వేరేచోట శాస్త్రవేత్తలు లక్షలు పోసి వెళ్ళి చూసేవి ఇక్కడ వాకిట్లోనే ఉంటాయి. సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుత్ కణాలు భూమి అయస్కాంత క్షేత్రం దారిలో ధ్రువాల వైపు దిగి, పై గాలిని ఢీకొన్నప్పుడు ఆకుపచ్చ, ఎరుపు తెరల్లా వెలుగు పుడుతుంది. అదే అరోరా. అది తరచూ కనిపించే వలయం సరిగ్గా ఫెయిర్‌బ్యాంక్స్ నెత్తి మీదుగా పోతుంది. 1946 నాటి చట్టంతో ఇక్కడ జియోఫిజికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. 1958లో శాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్ దగ్గర చదువుకోవడానికి జపాన్ నుంచి వచ్చిన సున్-ఇచి అకసోఫు అనే విద్యార్థి, ప్రశాంతంగా ఉన్న అరోరా ఒక్కసారిగా ఎలా భగ్గుమంటుందో, ఎలా చల్లారుతుందో 1964లో దశలవారీగా వివరించాడు. అరోరా మీద పనిచేసే ప్రతివాడూ ఇప్పటికీ అక్కడినుంచే మొదలుపెడతాడు.

ఊరికి 48 కిలోమీటర్ల దూరంలో పోకర్ ఫ్లాట్ ఉంది. 1968లో మొదలైన ఈ రాకెట్ కేంద్రం సొంతదారు యూనివర్సిటీయే. ఒక విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న శాస్త్రీయ రాకెట్ ప్రయోగ కేంద్రం ప్రపంచంలో ఇదొక్కటే. ఇక్కడ రాకెట్ సిద్ధంగా ఉంచుకుని అరోరా కోసం కాపు కాస్తారు. కొన్నిసార్లు ఒక రాత్రిలో పని అవుతుంది, కొన్నిసార్లు వారాల తరబడి ఎదురుచూపులే.

వాన పడాలన్నా, తుఫాను రావాలన్నా, భూకంపం పుట్టాలన్నా మీటనొక్కే రహస్య యంత్రమంటూ వాట్సాప్‌లో తిరిగే ‘హార్ప్’ కూడా 2015 నుంచి ఈ యూనివర్సిటీ అధీనంలోనే ఉంది. గకోనా దగ్గర 180 యాంటెనాలతో రేడియో తరంగాలను పైకి పంపి, భూమికి ఎగువన ఉన్న అయనోస్ఫియర్ అనే పొరను పరిశీలిస్తారు. వాతావరణం తయారయ్యేది దానికి ఎంతో కింద. ఇదేదో దాపరికమని జనం అనుకోకుండా యూనివర్సిటీ అప్పుడప్పుడూ తలుపులు తెరిచి, ఎవరైనా వచ్చి చూడండని పిలుస్తోంది.

కాళ్ళ కింద నేల కూడా పాఠమే. వేల ఏళ్ళుగా గడ్డకట్టి ఉన్న పెర్మాఫ్రాస్ట్ ఇప్పుడు వేడెక్కుతోంది. లోపలి మంచు కరిగినచోట నేల కుంగుతుంది, రోడ్డు అలల్లా ముడతలు పడుతుంది, చెట్లు తాగినవాళ్ళలా తలోవైపు వాలుతాయి. వ్లదీమిర్ రొమనోవ్‌స్కీ బృందం అలాస్కా అంతటా బోరుబావుల్లో థర్మామీటర్లు దించి ఆ మార్పును దశాబ్దాలుగా నమోదు చేసింది. సముద్రం మీద ‘సికులియాక్’ అనే 80 మీటర్ల పరిశోధన నౌకను యూఏఎఫ్ నడుపుతోంది. ఇనూపియాక్ భాషలో ఆ మాటకు అర్థం కొత్తగా పట్టిన సముద్రపు మంచు.

మస్కాక్స్ అనే బొచ్చు ఎద్దుల కథ కూడా ఇక్కడిదే. వేట వల్ల అలాస్కాలో అవి పూర్తిగా మాయమయ్యాయి. 1930లో గ్రీన్‌లాండ్ నుంచి 34 జంతువులను ఓడల్లో, రైల్లో ఫెయిర్‌బ్యాంక్స్‌కు చేర్చి కొన్నేళ్ళు సాకారు. తరువాత నునివాక్ దీవికి తరలించారు. ఇవాళ అలాస్కాలో తిరుగుతున్న వేలాది మస్కాక్స్ వాటి సంతతే. యూనివర్సిటీ జంతు పరిశోధన కేంద్రం కంచె పక్కన నిలబడితే వాటిని దగ్గరగా చూడవచ్చు.

క్యాంపస్‌లోని మ్యూజియం ఆఫ్ ది నార్త్‌లో జనం ఎక్కువసేపు నిలబడేది ‘బ్లూ బేబ్’ ముందు. 1979లో బంగారు గని కార్మికులకు దొరికిన మంచుయుగపు అడవిదున్న ఇది. చర్మం సహా చాలావరకు చెక్కుచెదరకుండా ఉండిపోయింది. చర్మం మీద పట్టిన ఖనిజం నీలిరంగుకు తిరగడంతో ఆ పేరొచ్చింది. వయసు 36 వేల ఏళ్ళని మొదట లెక్క తేల్చారు, అంతకంటే పాతదని ఈమధ్య పరీక్షలు చెబుతున్నాయి. వెనక భాగం మీద సింహం గోళ్ళ గాట్లున్నాయి. దాన్ని పరిశోధించిన ప్రొఫెసర్ డేల్ గత్రీ 1984లో మెడ దగ్గరి చిన్న మాంసం ముక్కతో కూర వండి స్నేహితులకు విందు ఇచ్చాడు. ముక్క గట్టిగా ఉందన్నారు, వాసన ఘాటుగా ఉందన్నారు. జబ్బు మాత్రం ఎవరికీ చేయలేదు.

నూనె బావుల దయ

వేసవిలో ఇదే గుట్ట గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. ముప్ఫై డిగ్రీల ఎండ, తగ్గని వెలుగు. యూనివర్సిటీ వృక్షోద్యానంలో క్యాబేజీలు బుట్టలంత అవుతాయి. రాత్రి పదకొండింటికి దీపాలు లేకుండా బయట బంతాట ఆడుకుంటారు. 2019లో యూనివర్సిటీకి పెద్ద దెబ్బ తగిలింది అలాంటి ఎండాకాలంలోనే.

అలాస్కా ఖజానా నూనె మీద ఆధారపడింది. 1968లో ప్రుడో బేలో చమురు దొరికింది. 1977 నుంచి 1,287 కిలోమీటర్ల పైపులైను ఫెయిర్‌బ్యాంక్స్ పక్కగా దాన్ని దక్షిణ తీరానికి మోస్తోంది. ఆ డబ్బుతో రాష్ట్రం ఆదాయపు పన్నును ఎత్తేసింది. 1982 నుంచి ప్రతి నివాసికీ ఏటా నగదు పంచుతోంది. చమురు ధర, దిగుబడి రెండూ పడిపోయాక తగాదా మొదలైంది. ఇంటింటికీ పంచే డబ్బు ముఖ్యమా, బడులూ ఆసుపత్రులూ ముఖ్యమా? తలా సుమారు 3,000 డాలర్లు ఇస్తానన్న మాట మీద గెలిచిన గవర్నర్ మైక్ డన్‌లీవీ, 2019 జూన్ చివర్లో యూనివర్సిటీ వ్యవస్థకు వచ్చే రాష్ట్ర నిధుల్లో ఏకంగా 41 శాతం కోత పెట్టాడు. యూఏఎఫ్‌నూ, దాని సోదర సంస్థలనూ నడిపే పాలకమండలి ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ వ్యవస్థలోని మూడు యూనివర్సిటీలనూ ఒకటిగా కలిపేయాలన్న ఆలోచన కూడా సాగింది. జనం రోడ్డెక్కారు, ఉత్తరాలు రాశారు. ఆగస్టులో గవర్నర్ దిగొచ్చి, కోతను మూడేళ్ళలో 7 కోట్ల డాలర్లకు తగ్గించే ఒప్పందం మీద సంతకం చేశాడు. విలీనం ఆలోచన ఆగిపోయింది. ఆ ఏడాది నివాసులకు చివరికి అందింది తలా 1,606 డాలర్లు. తగ్గిన కోత కూడా చిన్నదేమీ కాదు. కొన్ని కోర్సులు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి.

ఖర్చు దండగ అన్నవాళ్ళు లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం ఒకటుంది. 1964లో 9.2 తీవ్రతతో వచ్చిన అలాస్కా భూకంపం, పరికరాలతో కొలిచినవాటిలో ప్రపంచంలోనే రెండో అతిపెద్దది. 2018 నవంబరు 30న యాంకరేజ్ నగరాన్ని 7.1 తీవ్రతతో మరొకటి కుదిపింది. అలాస్కాలో ఏటా నమోదయ్యే పదుల వేల ప్రకంపనలను రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉండే అలాస్కా ఎర్త్‌క్వేక్ సెంటర్ ఉన్నది ఈ గుట్ట మీదే. నేల కరిగితే ఏ ఇల్లు కుంగుతుందో, తీరంలో మంచు ఎప్పుడు వీడుతుందో, పోతున్న భాషలో ఏ మాట ఎలా పలకాలో అడగడానికి అలాస్కావాళ్ళు ఫోన్ చేసేదీ ఇక్కడికే.

ఎప్పుడైనా అటు వెళ్ళే తెలుగువాళ్ళు, పిల్లల దగ్గరికి అమెరికా పోయి అలాస్కా చూడాలనుకునే తల్లిదండ్రులు, అరోరాతో సరిపెట్టుకుని రాకండి. మ్యూజియంలో ‘మీరు వినడానికి వెళ్ళే చోటు’ అని అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న గది ఉంది. స్వరకర్త జాన్ లూథర్ ఆడమ్స్ 2006లో దాన్ని రూపొందించాడు. అలాస్కాలో ఆ క్షణాన భూమి ఎలా కదులుతోందో, అరోరా ఎంత బలంగా ఉందో, సూర్యచంద్రులు ఎక్కడున్నారో పరికరాలు పంపే సమాచారాన్ని బట్టి అక్కడి ధ్వనులు, గోడ రంగులు మారుతూ ఉంటాయి. తొందరపడి బయటికి రాకుండా అరగంట కూర్చోండి. అక్కడికి వెళ్ళేది చలికాలమైతే కారును ప్లగ్గుకు తగిలించడం మరచిపోకండి.